స్టోర్నోవే: మెకంజీ దొర పుట్టిన ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్ళ కైఫియత్తులు చదివేవాళ్ళకి కల్నల్ కాలిన్ మెకంజీ పేరు కొత్త కాదు. ఏ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు అని ఊరూరా రాయించి పెట్టిన మనిషి ఆయన. మరి ఆయన ఊరి సంగతేమిటి? దాని గురించి ఎవరు రాశారు, ఏమని రాశారు? కైఫియత్తుల మాట వచ్చినప్పుడల్లా మిత్రులు అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట చేర్చాను.

స్టోర్నోవే ఎక్కడుంది?

స్కాట్లండ్‌కి వాయవ్యంగా అట్లాంటిక్ సముద్రంలో ఔటర్ హెబ్రిడీస్ అనే దీవుల వరస ఉంది. అందులో ఉత్తరాన ఉన్నది లూయిస్. దాని తూర్పు తీరాన, గాలికి కాస్త చాటుగా ఉన్న అఖాతంలో ఈ రేవు. జనాభా సుమారు ఏడువేలు, మన దగ్గరైతే ఒక పెద్ద పంచాయతీ అంత. అయినా ఆ దీవులన్నిటికీ అదే పట్నం. ఉల్లాపూల్ నుంచి ఓడెక్కితే రెండున్నర గంటలు దాటుతుంది. ఊరిపేరు నార్వే వాళ్ళు పెట్టింది. 1266 దాకా ఆ దీవుల మీద పెత్తనం నార్వే రాజులదే. వాళ్ళ తర్వాత ఆ దీవుల పాతభాష గేలిక్ మాట్లాడే మెక్లౌడ్ వంశంవాళ్ళు, ఆ తర్వాత మెకంజీ వంశంవాళ్ళు ఏలారు.

పాత రాతల్లో ఈ ఊరు మొదట ఎప్పుడు కనిపిస్తుంది?

1549లో డొనాల్డ్ మన్రో అనే చర్చి అధికారి దీవులన్నీ తిరిగి ఒక జాబితా రాసుకున్నాడు. లూయిస్ దగ్గర ఆయన చెప్పింది క్లుప్తమే: నాలుగు చర్చిలు, స్టోర్నోవే అనే ఒక కోట. ఊరనే మాట లేదు. ఆయన లెక్కలో అది కోట ఉన్న చోటు, అంతే.

రాజు పంపిన వలసదారుల కథ నిజమేనా?

నిజమే. ఆ రోజుల్లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్. ఆయన తన కొడుకు కోసం రాసిన రాజనీతి పుస్తకంలో, దీవులవాళ్ళు ఒట్టి అనాగరికులు, వాళ్ళ మధ్య మన మనుషుల్ని నాటితే తప్ప దారికి రారు అన్న ధోరణిలో రాశాడు. రాసి ఊరుకోలేదు కూడా. 1598లో ఫైఫ్ ప్రాంతపు పెద్దమనుషులు కొందరితో ఒప్పందం చేసుకుని లూయిస్ మీదికి పంపాడు. ‘ఫైఫ్ సాహసికులు’ అని వాళ్ళకి పేరు. స్టోర్నోవేలో దిగి ఇళ్ళు కట్టుకున్నారు. స్థానిక మెక్లౌడ్‌లు వాళ్ళని నిలవనీయలేదు. మూడుసార్లు ప్రయత్నించి, పదేళ్ళకు పైగా డబ్బూ మనుషుల్నీ పోగొట్టుకుని, 1610లో తమ హక్కుల్ని ప్రధాన భూభాగంలోని మెకంజీలకి అమ్ముకుని బయటపడ్డారు. మెక్లౌడ్‌ల పక్షాన చివరిదాకా పోరాడిన నీల్ మెక్లౌడ్‌ని 1613లో ఎడింబరోలో ఉరి తీశారు.

అనాగరికులని రాసిన రాజు ఆ దీవిలో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. ఈ ఊరి గురించి దొరికే పాత రాతలు చదివేటప్పుడు నేను ముందు చూసుకునేది అదే: రాసినవాడు వచ్చి చూశాడా, వాళ్ళ మాట వాడికి తెలుసా అని.

వచ్చి చూసి, మాట తెలిసి రాసినవాళ్ళు లేరా?

ఉన్నారు. మార్టిన్ మార్టిన్. ఇంటిపేరూ ఒంటిపేరూ ఒకటే. పక్కనున్న స్కై దీవిలో పుట్టాడు, మాతృభాష గేలిక్. 1690లలో దీవులన్నీ తిరిగి, 1703లో లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. హెబ్రిడీస్ గురించి అక్కడివాడే రాసి అచ్చు వేయించిన తొలి పెద్ద వర్ణన అది.

ఆయన రాసిన స్టోర్నోవే ఇది: అఖాతం చివర ఒక ఊరు, సుమారు అరవై కుటుంబాలు. పూటకూళ్ళ ఇళ్ళు కొన్ని, ఒక చర్చి, ఒక బడి. బడిలో లాటినూ ఇంగ్లీషూ చెబుతారు. దీవికి యజమాని తరఫున పెత్తనం చేసే దివాను లాంటి ఆయన కాపురం ఇక్కడే. ఊళ్ళో ఉన్న కోటని, పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన క్రామ్‌వెల్ సైన్యం పాడుచేసి పోయింది.

బడి ముక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. వీధిలో అందరూ మాట్లాడే గేలిక్ ఆ జాబితాలో లేదు. ఇంట్లో ఒక భాష, పలక మీద ఇంకో భాష. మనవాళ్ళకి విడమరచి చెప్పాల్సిన పని లేదు కదా.

లూయిస్‌వాళ్ళు కాచే సారా గురించి కూడా మార్టిన్ సరదాగా రాశాడు. మూడుసార్లు బట్టీ పట్టింది ఒక రకం, నాలుగుసార్లు పట్టింది ఇంకో రకం. ఆ రెండోది రెండు చెంచాలు చాలట. అంతకు మించితే ఊపిరి ఆగిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది అని హెచ్చరిక. స్వయంగా ఎన్ని చెంచాలు పుచ్చుకున్నాడో చెప్పలేదు. జరగబోయేది ముందే కళ్ళకు కట్టే దివ్యదృష్టి కొందరికి ఉంటుందని కూడా పేజీలకి పేజీలు రాశాడు. నమ్మే రాశాడు. అందుకే తర్వాతి పండితులు ఆయన్ని కాస్త తేలిగ్గా చూశారు. నాకైతే అదే నచ్చుతుంది. మన కైఫియత్తుల్లో రాజుకి అమ్మవారు కల్లో కనపడటం, శిస్తు లెక్కలు ఒకే పేజీలో ఉన్నట్టే ఇదీ.

శామ్యూల్ జాన్సన్ ఈ ఊరు రాలేదా?

రాలేదు. 1773లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన ఆ జాన్సన్, ఆయన మిత్రుడు బాస్వెల్ కలిసి హెబ్రిడీస్ తిరిగారు కానీ లూయిస్ దాకా పోలేదు. చిన్నప్పుడు తండ్రి చేతికిచ్చిన మార్టిన్ పుస్తకమే ఆయనకి ఆ దీవుల మీద మోజు పుట్టించింది. చివరికి ఆ పుస్తకపు శైలిని తిట్టిపోశాడనుకోండి, అది వేరే సంగతి.

ప్రిన్స్ చార్లీని ఊళ్ళోకి రానివ్వలేదంటారు, ఎందుకు?

భయం. బ్రిటన్ సింహాసనం తన కుటుంబానిదని తిరగబడిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్టే ఈ ప్రిన్స్ చార్లీ. 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయాక దీవుల్లో దాక్కుంటూ తిరిగాడు. తలకి 30,000 పౌండ్ల వెల. స్టోర్నోవేలో ఓడ బాడుగకి దొరుకుతుందని మే నెల మొదట్లో వచ్చాడు. ముందుగా డొనాల్డ్ మెక్లౌడ్ అనే పడవ నడిపే ముసలాయన్ని ఊళ్ళోకి పంపితే, సంగతి బయటికి పొక్కింది. ఊరివాళ్ళు ఆయుధాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయనకి మేమేమీ హాని చెయ్యం, కానీ ఓడా ఇవ్వం, దారి చూపించే మనిషినీ ఇవ్వం, ముందు ఇక్కడినుంచి కదలండి అన్నారు. దాచారని తెలిస్తే ప్రభుత్వ సైన్యం ఊరు తగలబెడుతుందని వాళ్ళకి తెలుసు. ఆ రాత్రి ఊరి బయట కిల్డన్ అనే చోట ఒక మెకంజీ ఇల్లాలు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చింది. తెల్లారగానే పడవెక్కి వెళ్ళిపోయాడు. ముప్పైవేల కోసం పట్టించినవాడు మాత్రం ఎవడూ లేడు.

ఊళ్ళో కనిపించే పెద్ద కోట మరి? క్రామ్‌వెల్ పాడుచేశాడన్నారుగా?

అది వేరు, ఇది వేరు. పాతకోట ఆనవాళ్ళు ఇప్పుడు రేవు కట్టడాల కింద ఉన్నాయి. అఖాతానికి అవతలి ఒడ్డున చెట్ల మధ్య కనిపించేది పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన లూస్ క్యాజిల్. కట్టించింది జేమ్స్ మథీసన్. జార్డిన్ మథీసన్ కంపెనీలో ఆ రెండో పేరు ఆయనదే. ఇండియాలో పండిన నల్లమందుని చైనాకి చేరవేసి సంపాదించిన డబ్బుతో 1844లో లూయిస్ దీవి మొత్తాన్ని కొన్నాడు. అవును, దీవి మొత్తాన్ని, మనుషులతో సహా అన్నట్టే.

రెండేళ్ళకే బంగాళదుంప తెగులు వచ్చి కరువు పడింది. మథీసన్ తిండిగింజలు తెప్పించాడు, పనులు పెట్టించాడు. దానికే 1851లో ఆయనకి బారొనెట్ బిరుదు వచ్చింది. అదే ఏడు నుంచి, అద్దె కట్టలేని కౌలు కుటుంబాల్ని వందల లెక్కన కెనడా ఓడలెక్కించడమూ మొదలైంది. బిరుదు సంగతి ఒక పుస్తకంలో, ఓడల సంగతి ఇంకో పుస్తకంలో దొరుకుతాయి. చెట్టు మొలవని ఆ దీవిలో కోట చుట్టూ అడవి పెంచడానికి మట్టి కూడా బయటినుంచే తెప్పించారు. ఇప్పుడు ఆ ఆవరణలో మ్యూజియం ఉంది. 1831లో దీవి పడమటి తీరాన ఇసుకలో దొరికిన, వాల్రస్ దంతంతో చెక్కిన ప్రఖ్యాత చదరంగం బొమ్మల్లో ఆరు అక్కడ చూడొచ్చు.

హెర్రింగ్ అమ్మాయిలు అంటే ఎవరు?

హెర్రింగ్ అంటే గుంపులుగా తిరిగే చిన్న చేప, మన కవళ్ళకి దూరపు చుట్టం. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్టోర్నోవే రేవు బతికింది దీని మీదే. మగవాళ్ళు పట్టుకొస్తే, పేగులు తీసి ఉప్పేసి పీపాల్లో సర్దేది ఆడవాళ్ళు. ముగ్గురు ఒక జట్టు: ఇద్దరు కోసేవాళ్ళు, ఒకరు సర్దేవాళ్ళు. సర్దడానికి పొడవైన మనిషి కావాలి, పీపా అడుగుదాకా చెయ్యి అందాలి కాబట్టి.

కత్తి పొట్టిది, పదును ఎక్కువ. తెల్లారకముందే లేచి పాత గుడ్డ పేలికల్ని ఒక్కో వేలికీ విడివిడిగా చుట్టి దారంతో బిగించి కట్టుకునేవాళ్ళు. కత్తి జారితే వేలు తెగకుండా. అయినా తెగేది. తెగినచోట రోజంతా ఉప్పు. పొద్దుపోయాక పేలికలు విప్పితే వేళ్ళ నిండా పుళ్ళు. అదే చేతులతో, పని లేని పూట, నడుస్తూ కూడా స్వెట్టర్లు అల్లేవాళ్ళు. చేపల గుంపు దక్షిణానికి పోతే వీళ్ళూ దాని వెనకే. ఎవరి ట్రంకుపెట్టె వాళ్ళు పట్టుకుని, రైళ్ళలో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని యార్మత్ దాకా. చాలామందికి అప్పటిదాకా గేలిక్ తప్ప ఇంకో భాష రాదు.

సర్కారు నివేదికల్లో పీపాల లెక్కే ఉంటుంది, చేతుల సంగతి ఉండదు. అది తర్వాతెప్పుడో ముసలమ్మలు చెబితే రాసుకున్నది. సరుకు పోయేది జర్మనీకీ, రష్యాకీ. 1914 యుద్ధం, ఆ పైన రష్యా విప్లవం ఆ బజార్లని మూసేశాయి. ఊరు మళ్ళీ ఆ స్థాయికి లేవలేదు.

ఐయొలేర్ అంటే ఊళ్ళో ఇప్పటికీ ఎందుకు గొంతు తగ్గిస్తారు?

ఐయొలేర్ ఒక ఓడ పేరు. గేలిక్‌లో గద్ద అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముప్పైవేల జనాభా లేని లూయిస్ నుంచి ఆరువేలకు పైగా మగవాళ్ళు వెళ్ళారు. దాదాపు వెయ్యిమంది తిరిగి రాలేదు. బతికినవాళ్ళలో సుమారు 280 మంది 1918 డిసెంబర్ 31 రాత్రి ఈ ఓడెక్కారు. కొత్త సంవత్సరం ఇంట్లో జరుపుకుందామని.

తెల్లవారుజామున రెండు కావస్తుండగా, రేవు ఇంకా మైలు దూరం కూడా లేదనగా, హోమ్ మృగాలు అని పిలిచే రాళ్ళకి ఓడ కొట్టుకుంది. ఒడ్డు ఇరవై గజాలు. దీపాలు కనిపిస్తున్నాయి. గాలి, చీకటి, బరువైన నౌకాదళపు బూట్లు. జాన్ మెక్లౌడ్ అనే నెస్ గ్రామస్థుడు తాడు తీసుకుని ఈది ఒడ్డు చేరాడు. ఆ తాడు పట్టుకుని నలభై మంది దాకా బయటపడ్డారు. 201 మంది పోయారు. ఇళ్ళలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పిల్లలకని కొన్న బొమ్మలు తెల్లారి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి.

శవాలన్నీ ఇంకా దొరకలేదు, రెండువారాలు తిరిగేసరికి నౌకాదళం ఓడ శిథిలాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. బతికినవాళ్ళు భార్యలకీ చెప్పలేదు. ఊళ్ళో నలభై ఏళ్ళదాకా ఈ ఘటనకి ఒక స్మారకస్తంభం కూడా లేదు.

సబ్బుల కంపెనీ ఆయన ఊరిని దానమిచ్చేశాడట?

సన్‌లైట్ సబ్బు తయారుచేసిన లీవర్ సోదరుల్లో పెద్దాయన లార్డ్ లీవర్‌హ్యూమ్. 1918లో దీవిని కొన్నాడు. స్టోర్నోవేని చేపల డబ్బాల ఫ్యాక్టరీలతో మహానగరం చేద్దామనుకున్నాడు. సైన్యంలో చేరితే భూమి ఇస్తామని ప్రభుత్వం మాటిచ్చి పంపిన కుర్రాళ్ళు తిరిగొచ్చి, మాకు జీతం వద్దు, పొలం కావాలి అన్నారు. ఆయన పాడి పొలాల్లోకి పశువుల్ని తోలి గుడిసెలు వేశారు. ఆయన సభపెట్టి చక్కటి భవిష్యత్తు బొమ్మ గీసి చూపించినా వాళ్ళు కరగలేదు. చేపల ధరలూ పడిపోయాయి. 1923లో విసిగిపోయి దీవిని జనానికే ఇచ్చేస్తానన్నాడు. పల్లెలు వద్దన్నాయి, పన్నులు కట్టలేమని భయపడి. స్టోర్నోవే తీసుకుంది. ఊరివాళ్ళు ఎన్నుకునే ట్రస్టు చేతిలో ఈ రోజుకీ ఆ భూములున్నాయి. అదే ఏడు ఏప్రిల్‌లో మెటగామా అనే ఓడ సుమారు 300 మంది పడుచువాళ్ళని ఎక్కించుకుని కెనడాకి బయలుదేరింది.

ఆదివారం నిజంగా ఏమీ దొరకదా?

ఒకప్పుడు పార్కులో ఉయ్యాలలకి కూడా గొలుసులు వేసేవాళ్ళు. ఆదివారం పనీ ఆటా కూడదనే ప్రెస్బిటేరియన్ చర్చి పట్టు అలాంటిది. 2009 జులైలో మొదటిసారి ఆదివారం ఓడ బయలుదేరినప్పుడు రేవు దగ్గర కొందరు ప్రార్థన చేస్తూ నిరసన తెలిపారు, కొందరు చప్పట్లు కొట్టారు. 2024 చివర్లో పెద్ద సూపర్‌మార్కెట్టూ ఆదివారం తలుపు తీసింది. అయినా ఆదివారం వెళ్ళేవాళ్ళు శనివారమే తిండి చూసుకోవడం మంచిది.

డొనాల్డ్ ట్రంప్ అమ్మగారిది ఈ ఊరేనా?

పక్కనే ఉన్న టాంగ్ అనే పల్లె. 1930లో అమెరికా వెళ్ళింది.

శాకాహారులు తినగలిగేది ఏమైనా ఉందా?

ఉంది కానీ ‘స్టోర్నోవే బ్లాక్ పుడింగ్’ మాత్రం అడక్కండి. పుడింగ్ అన్నారని మోసపోవద్దు, అది నెత్తురు, కొవ్వు, ఓట్స్ గింజలు కలిపి చేసే సాసేజ్.

ఉత్తర అమెరికాని దాటిన అలెగ్జాండర్ మెకంజీ మన మెకంజీకి చుట్టమా?

అలెగ్జాండర్ కూడా ఈ ఊరివాడే, 1764లో పుట్టాడు, 1793లో కెనడా గుండా పసిఫిక్ చేరాడు. కానీ దీవి ఏలినవాళ్ళు మెకంజీలైన చోట ఆ ఇంటిపేరు వీధికి పదిమందికి ఉంటుంది. పేరు చూసి చుట్టరికం కలపకూడదు.

మన మెకంజీకి ఈ ఊరితో ఏం సంబంధం, ఇక్కడ ఏం చేసేవాడు?

1750ల మొదట్లో ఇక్కడ పుట్టాడు. తండ్రి వ్యాపారి, ఊరి పోస్టుమాస్టరు. కాలిన్ ఇదే రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. అంటే ముప్పై ఏళ్ళొచ్చేదాకా ఆయన పని వచ్చిన సరుకు చూడటం, లెక్క రాయడం. 1783లో దీవి యజమానులైన సీఫోర్త్ మెకంజీల సిఫారసుతో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. తర్వాత నిజాం రాజ్యం, మైసూరు, దత్తమండలాలు కొలిచాడు. 1815లో ఇండియాకి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

ఊళ్ళ చరిత్రలు రాయించాలన్న ఆలోచన ఆయనకెలా వచ్చింది?

దీనికి ఒకే కారణం చెప్పలేం. కానీ ఒక పోలిక మాత్రం ఎవరూ కాదనలేరు. 1790లో స్కాట్లండ్ ఉత్తర కొసలోని థర్సో వాడు సర్ జాన్ సింక్లేర్, దేశంలోని ప్రతి చర్చి పాస్టరుకీ 160కి పైగా ప్రశ్నలతో ఉత్తరం రాశాడు. మీ ఊరి పేరుకి అర్థమేమిటి, ఎంతమంది జనం, ఏం పండుతుంది, పాత కట్టడాలేమున్నాయి? జవాబులు 21 సంపుటాలుగా 1791 నుంచి 1799 దాకా అచ్చయ్యాయి. స్టోర్నోవే జవాబు కూడా అందులో ఉంది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మెకంజీ మనుషులు ప్రశ్నల పట్టీలు పట్టుకుని మన కరణాల ఇళ్ళ అరుగులెక్కారు.

ఒక తేడా ఉంది. సింక్లేర్‌కి పాస్టర్లు ఇంగ్లీషులో రాసిచ్చారు. గేలిక్‌లో ఊరు ఏమనుకుంటోందో ఆ సంపుటాల్లో వినపడదు. మెకంజీకి మన భాషలు రావు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. రాకపోవడమే మనకి కలిసొచ్చింది. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, 1803లో చిన్నవయసులోనే అతను పోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ళు కుదుర్చుకున్న మనుషులు ఊళ్ళు తిరిగి, కరణాలు చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే రాయించారు. రెండువేలకు పైగా స్థానిక చరిత్రలు, ఎనిమిదివేల పైచిలుకు శాసనాల నకళ్ళు పోగయ్యాయి. మా వైపు ఊరి కైఫియత్తు చదువుతుంటే, వాక్యం మధ్యలో ఆగి పక్కవాడితో మాట్లాడుతున్నట్టుండే ఆ కరణం గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. స్టోర్నోవేకి ఆ కాలంలో అలాంటి కాగితం ఒక్కటీ లేదు.

ఆయన బొమ్మ ఏదైనా ఉందా?

థామస్ హిక్కీ 1816లో వేసిన తైలవర్ణ చిత్రం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటు వేసుకుని మధ్యలో నిలబడ్డాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు: ఒకరి చేతిలో తాటాకులు, ఒకరి చేతిలో దుర్భిణి. వెనక దూరంగా కార్కళ గోమటేశ్వరుడు. తాటాకులు పట్టుకున్నది జైన పండితుడు ధర్మయ్య అనీ, ఇంకొకరు మన లక్ష్మయ్య అనీ అంటారు.

మళ్ళీ ఎప్పుడైనా ఊరికి వెళ్ళాడా?

లేదు. 1783లో వదిలిన ఊరిని మళ్ళీ చూడలేదు. 1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద, పడవలో పోయాడు. సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో పాతిపెట్టారు. కాగితాల్ని ఆయన భార్య దగ్గర్నుంచి కంపెనీ లక్ష రూపాయలకి కొంది. 2017లో స్టోర్నోవేలో ఆయన మీద ఒక ప్రదర్శన పెట్టారు. అమరావతి నుంచి ఆయన గీయించిన బొమ్మల గురించీ, కావలి సోదరుల గురించీ ఆ ఊళ్ళో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే.